కల్వర్టు దగ్గర వదిలేసిన మనిషి

రిటైరైన బస్సు డ్రైవరు దగ్గరకు మనుషులు ఒక్క ప్రశ్నతోనే వస్తారు. ఎన్నేళ్ళు తోలారు, ఏ రూట్లు తిరిగారు అన్నవి మర్యాదకు అడుగుతారు. అసలు అడగదలచుకున్నది ఆ తరవాత వస్తుంది. యాక్సిడెంట్లు ఎన్ని చూశారు? నా చేతిలో ఏదీ జరగలేదని చెబితే కొంచెం నిరాశపడతారు. అదృష్టమండీ అని, టీ తాగి వెళ్ళిపోతారు.

ఈమధ్య డ్రైవరు ఉద్యోగంలో కొత్తగా చేరిన ఒకతను మాత్రం వేరేగా అడిగాడు. కళ్ళ ముందు యాక్సిడెంటు జరిగితే మొట్టమొదట మనసులో ఏమనిపిస్తుందండీ అన్నాడు. భయమేస్తుందా, జాలేస్తుందా, కాళ్ళూ చేతులూ ఆడవా? తన చేతులు ఆ సమయంలో పనిచేస్తాయో లేదోనని అతనికి దిగులు. ఓపిక చూసుకుని రాసిస్తానన్నాను. రాయడానికి చాలా రోజులు పట్టింది. ఇది అతని కోసమూ, అతని వెనక వచ్చేవాళ్ళ కోసమూ రాస్తున్నది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి. యుద్ధంలో మిలిటరీ లారీలు తోలి తిరిగొచ్చి, నూజివీడులో ఒక ప్రైవేటు యజమాని దగ్గర డ్రైవరుగా కుదిరాను. నూజివీడు నుంచి చాట్రాయి మీదుగా చింతలపూడి వెళ్ళే బస్సు నాది. పెట్రోలు ఇంకా రేషనులోనే ఉంది కాబట్టి మాది బొగ్గు బస్సు. వెనకవైపు నిలువెత్తు డ్రమ్ము. అందులో బొగ్గులు పోసి, ఫ్యాను తిప్పి రాజేస్తే వచ్చే గ్యాసుతో ఇంజను నడిచేది. తెల్లారగట్ల రాజేస్తే పొద్దెక్కాక గానీ కదిలేది కాదు. దారిలో ఇంజను ఆగిపోతే మళ్ళీ అదంతా మొదటినుంచీ చెయ్యాలి. ఎక్కుడు రోడ్డు వస్తే మగవాళ్ళు దిగి నడిచేవారు. మరీ మొరాయిస్తే తోసేవారు. అవసరానికని యజమాని ఒక డబ్బాలో కొంచెం పెట్రోలు ఇచ్చేవాడు. దాన్ని ఇంజను అందుకునేదాకా రెండు గుక్కలు పట్టి, మూత బిగించి మళ్ళీ దాచాలి.

మా కండక్టరు నాకంటే బాగా పెద్దవాడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గొడుగు లేకుండా బస్సెక్కేవాడు కాదు. దారి పొడుగునా ఏ ఊళ్ళో ఎవరి పిల్లను ఎక్కడిచ్చారో, ఏ తోటను ఈ ఏడు ఎవరు కౌలుకు తీసుకున్నారో ఆయనకు తెలుసు. మాట్లాడకుండా ఉండడం ఆయనకు చేతకాదు. నేనేమో యుద్ధం నుంచి వచ్చాక అవసరమైతే తప్ప నోరు విప్పేవాణ్ణి కాదు. నీ వంతు కూడా నేనే మాట్లాడుతున్నానురా, రేపు ఆ పైవాడు నా ఖాతాలోంచి కోసుకుంటాడు అనేవాడు.

అది మామిడి రసాల కాపు. నూజివీడు చుట్టుపక్కల ఆ నెలన్నర ఇంకో పనుండదు. ఎటు చూసినా బండ్లు, గంపలు, వరిగడ్డి. రోడ్డంతా సొన వాసన. యుద్ధమయ్యాక మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత లారీలను కొందరు కొనుక్కొచ్చి కాయ తోలేవారు. వాటి సంగతి నాకు తెలుసు. ఆ రకం లారీలనే నేను నాలుగేళ్ళు తోలాను. అవి అలిసిపోయిన బండ్లు. వాటి మీద గంపలు ఎత్తుగా వేసి, ఆ గంపల మీద కాయ కోసిన కూలీలను ఎక్కించేవారు. లారీ ఊగితే పైనున్న మనుషులు నవ్వుతూ ఒకరినొకరు పట్టుకునేవాళ్ళు.

ఆ రోజు పొద్దున్నే బయల్దేరాం. చాట్రాయి ఇంకా రాలేదు. అక్కడ రోడ్డు పల్లంలోకి దిగి, ఒక వాగు మీది కల్వర్టు దాటి, మళ్ళీ ఎక్కుతుంది. ఇవతల గట్టు మీదికి మేము చేరేసరికి అవతల గట్టు మీద నుంచి లారీ ఒకటి దిగుతోంది. నేను ముందు విన్నది దాని చప్పుడు. సరిగ్గా చెప్పాలంటే, ఇంజను చప్పుడు లేకపోవడం. పెట్రోలు కలిసొస్తుందని పల్లంలో గేరు తీసేసి వదిలేశాడు. బరువుమీదున్న బండిని అలా వదలకూడదు. దాని బ్రేకులు ఆ బరువును ఆపలేవని నాకు అప్పుడే అర్థమైంది. ఆపలేదు. లారీ కల్వర్టు పిట్టగోడను గుద్దుకుంది. కాసేపు అక్కడే నిలబడుతుందేమో అన్నట్టు ఆగి, పక్కకు వాలి, మెల్లిగా వాగులోకి బోర్లపడింది. గంపలూ మనుషులూ అంతకు ముందే ఎగిరిపోయారు.

బస్సులో ఆడవాళ్ళు ఏడవడం మొదలుపెట్టారు. నా చెయ్యి హ్యాండు బ్రేకు లాగింది. నా కాలు యాక్సిలేటరు మీద నుంచి లేవలేదు. ఎందుకంటే ఇంజను ఆగకూడదు. ఇదీ, మొట్టమొదట నాకనిపించింది. ఇంజను ఆగితే ఈ జనాన్ని ఆసుపత్రికి చేర్చలేము. భయం లేదు. జాలి లేదు. గుండె దడ అయినా లేదు. ఎవరో నాలోంచి లేచి, పక్కకు జరుగు, నేను చూసుకుంటాను అన్నట్టుంది. అతను నాకు కొత్తవాడు కాదు. అస్సాం కొండల్లో బర్మా వైపు కాన్వాయిలో లారీ తోలినప్పుడు నాతో ఉన్నవాడే. ఇంటికొచ్చాక పోయాడనుకున్నాను.

డ్రమ్ములో బొగ్గులు వేసే క్లీనరును ఇంజను చూస్తుండమని చెప్పి దిగాను. కండక్టరు నాకంటే ముందే పరుగెత్తాడు. లారీ డ్రైవరు దెబ్బల్లేకుండా దూకి, మమ్మల్ని చూసి తోటల్లోకి పారిపోయాడు. మర్నాడు రెడ్డిగూడెంలో బంధువుల ఇంట దొరికాడు. అతని మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. పారిపోవడం కూడా ఒక రకం చేతులాడడమే.

వాగు ఎండిపోయి ఇసక మేటలుగా ఉంది. అది చాలామందిని కాపాడింది. ఇసకలో పడ్డవాళ్ళు లేచి కూర్చుని, తమ ఒంటిని తామే తడుముకుంటున్నారు. ఒక పడుచువాడు లారీ కింద నలిగిపోయాడు. అతనికి చెయ్యగలిగిందేమీ లేదు. ఇద్దరికి చేతులు విరిగాయి. ఒకామెకు తొడ చీరుకుపోయి రక్తం పొంగుతోంది. ఆమెకు కొంచెం దూరంగా, పిట్టగోడ రాళ్ళ పక్కన ఒక పెద్దాయన వెల్లకిలా పడున్నాడు. తోటల్లో గెడతో కాయ కోసే మనిషి. కాళ్ళు కదలడం లేదు. ఎడమ చెవిలోంచి రక్తం సన్నగా మెడ మీదికి కారుతోంది. కళ్ళు సగం మూసుకున్నాయి.

నేను అందరినీ ఒక చుట్టు చుట్టి చూశాను. అది మిలిటరీలో నేర్చిన చూపు. ఎవరు నడవగలరు, ఎవరిని మొయ్యాలి, ఎవరిని మోసినా లాభం లేదు. ఆ చూపుకి ఎంతోసేపు పట్టదు. కొండల్లో బండి లోయలోకి పోతే మమ్మల్ని ఆగనిచ్చేవారు కాదు. ఆగితే వెనకున్న బండ్లన్నీ ఆగుతాయి. ఒక్కోసారి ఆగనిచ్చినప్పుడు, చెవిలోంచి రక్తం వచ్చేవాణ్ణి ముట్టుకోవద్దని, బండిలో ఆ చోటు ఇంకొకడికి పనికొస్తుందని మాకు చెప్పారు. చెప్పినాయన చెడ్డవాడేం కాదు.

బస్సులోంచి ఒక రైతు దిగొచ్చాడు. చింతలపూడిలో ఏదో పెద్దమనుషుల పంచాయితీకి పోతున్నాడు. బస్సు వెనక్కి తిప్పితే మా సంగతేంటి డ్రైవరూ అన్నాడు. నేనతని వంక చూశాను. భుజం మీది కొత్త కండువా అడిగాను. ఇచ్చాడు. దానితో ఆ ఆడమనిషి తొడ పైన బిగించి, పుల్ల పెట్టి మెలితిప్పాను. రక్తం ఆగింది. ఆ రైతే ఆమె తలవైపు చెయ్యేసి ఎత్తాడు. పంచాయితీ మాట మళ్ళీ ఎత్తలేదు.

కండక్టరు పెద్దాయన దగ్గర కూర్చునున్నాడు.

“ఇటొక చెయ్యెయ్యి, ఈయన్ని కూడా ఎక్కిద్దాం” అన్నాడు.

“ఈయన పనైపోయింది బాబాయ్. వదిలెయ్యండి. చేతులు విరిగినవాళ్ళని ఎక్కించండి.”

“ఊపిరాడుతోందిరా.”

“ఆడుతుంది, కాసేపు.”

ఆ మాట నేను గొంతు తగ్గించి అనలేదు, పెంచీ అనలేదు. ఇంజనులో నీళ్ళు తగ్గాయి అని చెప్పినట్టు చెప్పాను. కండక్టరు తలెత్తి నా మొహంలోకి చూశాడు. నన్ను ఎన్నడూ చూడనివాడిలా చూశాడు. వాదించలేదు. ఆయన వాదించకపోవడం నేను అదే మొదటిసారి చూడడం.

“అయితే నేనిక్కడుంటా. నువ్వెళ్ళు” అన్నాడు.

గొడుగు తెరిచి, పెద్దాయన మొహం మీద ఎండ పడకుండా పట్టుకుని కూర్చున్నాడు.

బస్సు తిప్పడానికి ఆ రోడ్డు చాలదు. జనాన్ని దించి, ముందుకూ వెనక్కూ జరిపి, అందరూ కలిసి తోస్తే తిరిగింది. ఎక్కుడులో గ్యాసు లాగదని డబ్బాలో పెట్రోలంతా పోసేశాను. ప్రయాణికుల్లో సగం మంది గట్టు మీదే ఉండిపోయి, చాట్రాయి వైపు నడిచారు. ఒక్కరూ పేచీ పెట్టలేదు.

దారిలో ఆ ఆడమనిషికి తెలివొచ్చింది. నా సీటు వెనకే పడుకోబెట్టాం. నీరసంగా అడిగింది.

“మా ఆయన ఎక్కాడా బాబూ? రాళ్ళ పక్కన పడున్నాడు.”

అప్పటిదాకా ఆమె ఆయన భార్య అని నాకు తెలియదు.

“వెనక బండిలో వస్తున్నాడమ్మా” అన్నాను.

వెనక ఏ బండీ లేదు. తల తిప్పకుండా, రోడ్డు మీదినుంచి చూపు తియ్యకుండా చెప్పాను. ఆ అబద్ధం కూడా మిగతా పనులన్నిటిలాగే తేలిగ్గా వచ్చింది. ఆమె సరేనని కళ్ళు మూసుకుంది. దారిలో రెండుసార్లు కండువా వదులు చేసి మళ్ళీ బిగించమని పక్కనున్నతనికి చెప్పడం గుర్తుంది. ఒక చోట పశువులు అడ్డం వస్తే హారను కొట్టకుండా ఓపిగ్గా ఆగడం గుర్తుంది. నా గురించి నాకు ఇంకేమీ గుర్తులేదు.

నూజివీడు ఆసుపత్రిలో డాక్టరుగారు కట్టు చూసి, ఎవరు కట్టారు అని అడిగారు. నేనే అన్నాను. మిలిటరీయా అన్నారు. అవునన్నాను. మంచి పని చేశావు, ఇంకాస్త ఆలస్యమైతే ఈమె దక్కేది కాదు అన్నారు. పోలీసు స్టేషనుకు కబురు పంపారు. అక్కడ ఒక్కడే ఉన్నాడు. నైజాం వైపు గొడవలతో మిగతావాళ్ళంతా సరిహద్దు ఊళ్ళకు పోయారు. ఆ ఒక్కడూ స్టేషను వదిలి రావడానికి లేదు.

ఇక నా పని అయిపోయిందనిపించింది. నీళ్ళు తోడి బస్సు కడిగాను. సీట్ల మీద రక్తంతో పాటు మామిడి సొన కూడా అంటుకుంది. రక్తం పోయింది గానీ సొన జిగురు పోలేదు. చేతులు కడుక్కుని, ఎదురుగా ఉన్న పూటకూళ్ళ ఇంటికి వెళ్ళి భోజనానికి కూర్చున్నాను. మామిడికాయ పప్పు. బాగుంది. మారు వడ్డించమని అడిగి, నెయ్యి వేయించుకుని తిన్నాను.

డ్రైవరు కుర్రవాడా, నువ్వడిగిన ప్రశ్నకు జవాబులో నాకు అన్నిటికంటే రాయడం కష్టమైన వాక్యం ఇదే. ఆకలేసింది. కడుపునిండా తిన్నాను.

మజ్జిగన్నం కలుపుకుంటుండగా కిటికీలోంచి రోడ్డు కనిపించింది. ఒక రెండెడ్ల బండి వస్తోంది. మనిషి నడకంత వేగం కూడా లేదు. బండివాడు నొగల మీద కూర్చోకుండా ఎడ్ల ముందు నడుస్తూ, గుంత వచ్చినచోటల్లా ఆపి, మెల్లిగా దాటిస్తున్నాడు. బండి నిండా మామిడి గంపల్లోంచి తీసిన వరిగడ్డి. దాని మీద పెద్దాయన. పక్కన నడుస్తూ గొడుగు పట్టుకుని మా కండక్టరు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆ దారంతా, పొద్దున్నించీ, ఆ మనిషితో మాట్లాడుతూనే ఉన్నాడు.

నేను విస్తరి ముందు నుంచి లేచాను. చెయ్యి కడుక్కుని బయటికొచ్చేసరికి బండి ఆసుపత్రి ఆవరణలోకి పోయింది. కండక్టరు నన్ను చూశాడు. నా చేతి తడి చూశాడు. నేను భోంచేసి వస్తున్నానని ఆయనకు అర్థమైంది. లోపలికి వెళ్ళాడు. ఆయన చొక్కా భుజాల మీద చెమట ఎండి ఉప్పు తేలింది. చెప్పులు లేవు. వాగు ఇసకలో ఎక్కడో వదిలేసుంటాడు.

ఆ పెద్దాయన పోలేదు. నాలుగు రోజులు తెలివిలేనట్టే ఉండి, తరవాత కళ్ళు తెరిచాడు. తుంటి విరిగింది. ఎడమ చెవికి వినికిడి పోయింది. ఇంతలో డాక్టరుగారు ఎవరితోనో అన్న మాట ఊరంతా పాకింది. ఈయన్ని ఆ రోజు బస్సులో కుదిపి తెచ్చుంటే దారిలోనే పోయేవాడు, కదపకుండా నీడన ఉంచి, గడ్డి మీద మెల్లిగా తేవడం వల్ల బతికాడు అన్నారట. జనం దానికి తమ సొంత మాట జోడించారు. మిలిటరీ డ్రైవరు కాబట్టి తెలిసి చేశాడు, ఎవర్ని కదపాలో ఎవర్ని కదపకూడదో చూపుతోనే లెక్కకట్టాడు అన్నారు. మా యజమాని నలుగురిలో నా భుజం తట్టాడు. నలుగురూ వెళ్ళాక, అది సరేగానీ డబ్బాలో పెట్రోలంతా పోసేశావేంటి అన్నాడు.

నేను ఎవరికీ కాదని చెప్పలేదు, అవునని చెప్పలేదు. మొదట్నుంచీ మాట్లాడనివాణ్ణి కాబట్టి అది వినయమనుకున్నారు.

బస్సు మళ్ళీ మామూలుగా తిరిగింది. కండక్టరు మామూలుగా మాట్లాడేవాడు, ప్రయాణికులతో. నాతో పని మాటలు తప్ప లేవు. కల్వర్టు దాటేటప్పుడు బస్సులో అందరూ ఇదిగో ఇక్కడే అని ఒకరికొకరు చూపించుకునేవారు. కొందరు నన్ను మెచ్చుకునేవారు. అలా ఎవరో మెచ్చుకున్న ఒక రోజు, చింతలపూడిలో బస్సు నీడన పెట్టి కూర్చున్నప్పుడు, కండక్టరే ఆ మాట ఎత్తాడు.

“డాక్టరుగారు చెప్పింది నిజమేలే. కదిపుంటే పోయేవాడే. నేనూ ఒప్పుకుంటా. అది నీకు అప్పుడు తెలుసా?”

“తెలీదు బాబాయ్. పోతాడనే అనుకున్నాను.”

“తెలుసంటావేమోనని భయపడ్డాను” అన్నాడు. “తెలుసని చెప్పుంటే ఇంకో బస్సు చూసుకునేవాణ్ణి.”

తరవాత అడిగాడు, నీకు ఏమీ అనిపించలేదా అని. లేదన్నాను. యుద్ధంలో ఇలాగే ఉండేదా అన్నాడు. అప్పుడు మొదటిసారి ఆయనకు ఆ కొండల సంగతి కొంచెం చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. చివర్న, “పాపం, నిన్ను కూడా అక్కడెక్కడో వదిలేసి వచ్చారురా” అన్నాడు. అది ఎగతాళి కాదు. ఆయన అలా అన్నాక నాకు బాగా అలసటగా అనిపించింది. ఎన్నో ఏళ్ళ అలసట ఒక్కసారి ఒంట్లోకి దిగినట్టు. ఆ పూట తిరుగు ప్రయాణంలో స్టీరింగు తిప్పడానికి రెండు చేతులూ చాలలేదు.

వానాకాలం పోయి చలి మొదలయ్యాక ఒక రోజు నూజివీడులో పెద్దాయన బస్సెక్కాడు. చంకలో కర్ర. భార్య వెంట ఉంది. ఆమె కుంటుకుంటూ నడుస్తోంది గానీ, అతన్ని పట్టుకున్నది ఆమే. కండక్టరు వాళ్ళిద్దరినీ తీసుకొచ్చి నా పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టాడు. అతని కుడి చెవి నావైపు వచ్చేలా మరీ సర్ది కూర్చోబెట్టాడు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

ఊరు దాటేదాకా ఆయన తోటల సంగతులు చెప్పాడు. ఇక గెడ పట్టలేనని, ఒక రైతు కాపలా పని ఇస్తానన్నాడని చెప్పాడు. తరవాత మామూలు గొంతుతోనే అన్నాడు.

“ఆ రోజు మీరన్న మాట నాకు ఇనబడింది బాబూ.”

నేను రోడ్డు వంక చూస్తున్నాను.

“ఒళ్ళు కదల్లేదు, కళ్ళు తెరుచుకోలేదు గానీ ఈ చెవికి అన్నీ ఇనబడతానే ఉన్నాయి. నా పనైపోయిందన్నారు. కాసేపే అన్నారు. నాకు మీమీద కోపమేం రాలేదండి. మీరు అన్న తీరుకి, ఇతనికి తెలిసే అంటన్నాడనుకున్నా. కండక్టరు బాబు పక్కన కూకుని, నువ్వు బతుకుతావు, మీ ఆడమనిషి బానే ఉంది అని ఒకటే చెప్పాడు. ఆయన మాట నమ్మలేదు. మెత్తగా చెబుతున్నాడు గదా, అబద్ధమనుకున్నా.”

“క్షమించు పెద్దాయనా” అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయనకు అసలు వినబడి ఉండదు.

“నీళ్ళు పోశాడు నోట్లో. మింగలేదండి. పోయేవాడికి నీళ్ళెందుకని. బయటికి కారిపోతన్నా అట్టానే పోశాడు. ఊపిరి కూడా ఇంక చాల్లే అనుకున్నా. ఆయనేమో ఊరుకోడు. వాళ్ళమ్మాయి పెళ్ళిలో వంటవాడు పారిపోయిన సంగతి మొదలెట్టాడు. తరవాత ఏమైందో చెప్పకుండా ఆపేశాడు. నాకు ఉండబట్టలేదు. అప్పుడు మింగానండి.”

ఇది చెప్పి ఆయన నవ్వాడు. భార్య కూడా నవ్వింది. ఈ కథ వాళ్ళింట్లో చాలాసార్లు చెప్పుకుని నవ్వుకున్నదని తెలుస్తోంది. మనసులో పెట్టుకుని సాధించడానికి చెప్పలేదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషికి తనకు జరిగిన వింత ఒకటి చెప్పాడు, అంతే.

నేను అప్పటిదాకా నా గురించి వేసుకున్న లెక్క వేరు. అతన్ని వదిలి రావడం తప్పా ఒప్పా అని నాలో నేను వాదించుకుంటున్నాను. డాక్టరుగారి మాట ఒకవైపు, కండక్టరు చూపు ఒకవైపు. వదిలి రావడం సంగతి అటుంచితే, ఆ మాట అనడం ఒక పని అని నాకు తట్టనే లేదు. లారీ అతని తుంటి విరిచింది. నా మాట అతని చేత నీళ్ళు మానిపించింది. నా చేతులు చక్కగా పనిచేశాయని నలుగురూ అన్నారు, నిజమే. నోరు మాత్రం నేను చూసుకోలేదు.

వాళ్ళు చాట్రాయి దగ్గర దిగారు. కండక్టరు ఇద్దరినీ చెయ్యిపట్టి దించి, నా కిటికీ దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఆయనకు ఈ సంగతి మొదట్నుంచీ తెలుసు. నాతో ఎన్నడూ అనలేదు. తను చెబితే నిందలా ఉంటుందని, పెద్దాయన నోటనే విననిచ్చాడు. నేను బయల్దేరడానికి సిద్ధమయ్యేదాకా ఊరికే నిలబడ్డాడు. ప్రయాణికులు ఇంకా ఎంతసేపని అడిగితే ఇంజను వేడెక్కిందని చెప్పాడు.

ఆ తరవాత బొగ్గు బస్సులు పోయాయి. నేను చాలా బండ్లు మారాను, చాలా రోడ్లు తిరిగాను. ఎన్నో యాక్సిడెంట్లు చూశాను. ఆ లోపలి మనిషి ప్రతిసారీ లేచి వచ్చాడు. పక్కకు జరుగు అన్నాడు. నేను జరిగాను. కట్లు కట్టడం, మోయడం అతనికి నాకంటే బాగా వచ్చు. కానీ మాట్లాడే పని మాత్రం అతనికి ఇవ్వలేదు. అది నేనే చేశాను. కళ్ళు మూతలు పడుతున్నవాళ్ళ పక్కన కూర్చుని, ఏం కాదు, బతుకుతావు, మీవాళ్ళు వస్తున్నారు అని చెప్పాను. చాలామంది బతకలేదు. నా నోటి వెంట అన్ని అబద్ధాలు ఇంకే పనిలోనూ వచ్చి ఉండవు. మా కండక్టరులా కథలు చెప్పడం నాకు రాదు. వంటవాడు పారిపోవడం లాంటి సంగతులు నా బతుకులో జరగలేదు. అందుకని ఆ రెండు మూడు మాటలే తిప్పి తిప్పి చెప్పేవాణ్ణి. చెబుతున్నప్పుడు నాకేమనిపించేదో అడక్కు. చాలాసార్లు ఏమీ అనిపించేది కాదు. అనిపించకపోయినా చెప్పొచ్చు. అది నేర్చుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది, ఇప్పటికీ బాగా వచ్చని చెప్పలేను.

మా కండక్టరు ముసలితనంలో మంచాన పడ్డాడని తెలిసి ఒకసారి చూడబోయాను. మనిషి ఇంకా సన్నబడిపోయాడు. మాటలు తగ్గిపోయాయి. దానికే నాకు అన్నిటికంటే భయమేసింది. మంచం పక్కన కూర్చున్నాను. ఆయన నన్ను గుర్తుపట్టి, చెయ్యి జాపి, “ఎట్టా ఉన్నాను? నీకు చూపుతోనే తెలుస్తుందిగా” అన్నాడు.

నాకు తెలుస్తూనే ఉంది.

“బానే ఉన్నారు బాబాయ్. పది రోజుల్లో లేచి తిరుగుతారు” అన్నాను.

ఆయన నా మొహం చూసి నవ్వాడు. ఇన్నేళ్ళయినా అబద్ధం చెప్పడం చేతకాలేదు నీకు అన్నాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని లేవబోయాను. నా చెయ్యి వదల్లేదు.

“ఏదీ, ఇంకోసారి చెప్పు” అన్నాడు.

చెప్పాను.